సాంబ్రాణి పొగ

రాయపురములోని తెలుగు లోగిళ్లలో శుక్రవారపు ఉదయమును కన్నులు మూసికొని కూడ గుర్తింపవచ్చును. మొదట శీకాయ వాసన వచ్చును; దాని వెనుకనే సాంబ్రాణి పొగ వచ్చును. తలంటి పోసికొన్న ఆడపిల్ల వెండ్రుకలను వెదురుబుట్టపై పఱచి, బుట్టక్రింద నిప్పులపై చిటికెడు సాంబ్రాణి చల్లుట మన అవ్వల నాటినుండి వచ్చుచున్న అలవాటు. చంటిబిడ్డకు నీళ్లు పోసిన పిదప ఈ పొగయే. బాలింతరాలికి స్నానమైన పిదప ఈ పొగయే. సంధ్యవేళ దీపము పెట్టిన పిదపను ఈ పొగయే. ఇంతగా మనతో కలిసిమెలిసి యున్న ఈ వస్తువేమి? ఇది ఎచ్చటినుండి మన యింటికి వచ్చినది? దీనియందు నిజమైన గుణమెంత, మనము కల్పించుకొన్నదెంత? ఈ వ్యాసమున ఆ సంగతులను విచారింప దలంచితిమి.

ఈ విచారణకు ఒక కారణము కలదు. ఒకనాడు పాఠము ముగిసిన తరువాత మా తరగతి బాలిక యొకతె మాయొద్దకు వచ్చి నిలిచినది. ఆమె యింట మూడు నెలల తమ్ముడు కలడు. నీళ్లు పోసిన పిదప అవ్వ తలుపులు మూసి బిడ్డకు సాంబ్రాణి పొగ వేసినది. ఆ రాత్రి బిడ్డకు ఆయాసము పుట్టి పిల్లికూతలు వినవచ్చినవి. ఆసుపత్రికి తీసికొనిపోయిరి, బిడ్డ కోలుకొన్నాడు. కాని వైద్యుడు “ఇక పొగ వలదు” అన్నందున అవ్వ మూడు దినములు ఎవరితోను మాటాడలేదట. ఆ బాలిక మమ్ము ఇట్లడిగినది: “సార్, ఐదుగురు బిడ్డలను పెంచిన మా అవ్వ చేసినది తప్పా? నాకు జలుబు చేసినప్పుడు ఆసుపత్రిలో వేడినీటిలో ఒక మందు వేసి ఆవిరి పట్టించినారు. దానికిని ఈ వాసనయే గదా!”

ఆ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్కమాటలో చెప్పలేకపోతిమి. ఆమె చెప్పిన రెండు సంగతులును నిజమే. రెండును నిజమైనప్పుడు ఆ రెంటికిని నడుమనున్న దారిని వెదకుటయే విద్య.

సాంబ్రాణి యనగా ఏది?

మొదట మా తరగతి విద్యార్థులను తమ తమ యిండ్లలో సాంబ్రాణి యనబడు వస్తువును కొంచెము కాగితములో కట్టి తెమ్మంటిమి. మఱునాడు బల్లమీద పొట్లములు విప్పి చూడగా ఒకటి కాదు, ఐదు విధముల వస్తువులు కనబడినవి. ఒకటి పసుపుపచ్చని గాజుముక్కవలె విఱుగునది. ఒకటి బూడిదవన్నె గడ్డలో తెల్లని బాదంపలుకులు పొదిగినట్లుండునది. మఱియొకటి లేత పసుపుదై, కన్నీటి బొట్లవలె ఉండునది. నాల్గవది గోధుమవన్నెది, వ్రేలికి అంటుకొనునది. ఐదవది నల్లని చిన్న కప్పు. నాటుమందుల అంగడిలో అట్టపెట్టెలో అమ్మునది. పేరు ఒక్కటే, వస్తువులు ఐదు.

మొదటిది గుగ్గిలము. ఇది సాలవృక్షము యొక్క సర్జరసము. ఉత్తరాంధ్ర మన్యము మొదలుకొని ఒడిషా, మధ్యభారతముల వరకు సాలవనములు కలవు. సామర్లకోటలో ఉండి తెలుగు దేశపు చెట్లను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ జాతికి అప్పటి గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేర ‘షోరియా’ అని నామకరణము చేసెను. ఈ జాతిలోనిదే శేషాచలపు కొండలలో పెరుగు తంబజాలారి. అది తూర్పు కనుమల దక్షిణ భాగమున తప్ప లోకమున మఱెచ్చటను సహజముగా పెరుగదు. దాని జిగురును కూడ గుగ్గిలముగా వాడుదురు.

రెండవదే అసలు సాంబ్రాణి. దీనిని గూర్చియే ఇక చెప్పబోవుచున్నాము. మూడవది పరంగిసాంబ్రాణి యనునది. మన దేశపు పొడి అడవులలోని అందుగుచెట్టు నుండియు, అరబ్బు దేశపు దాని జ్ఞాతుల నుండియు వచ్చును. సంస్కృతమున కుందురువు అందురు. నాల్గవది గుగ్గులువు, మహిసాక్షి అనియు పేరు. రాజస్థానము, గుజరాతులలోని ముండ్లపొద నుండి తీయుదురు. ఐదవదైన కప్పులో ముఖ్యముగా ఉండునది బొగ్గుపొడి; దానికి జిగురు, సువాసన ద్రవ్యములు చేర్చుదురు. అందు సాంబ్రాణి పాలు ఎంతయో పెట్టెపై వ్రాసియున్న పక్షమున తప్ప తెలియదు.

ఇవి కాక పడమటి కనుమల వర్షారణ్యములలో నల్లరోజనము అను జిగురునిచ్చు మహావృక్షము కలదు. దానిని తమిళులు కరుంకుంగిలియము అందురు. తమిళుల కుంగిలియము, మన గుగ్గిలము, సంస్కృతపు గుగ్గులువు ఈ మూడు మాటలును చుట్టములే. మాట ఒక చెట్టునుండి ఇంకొక చెట్టుకు ప్రాకినది. కావున వైద్యగ్రంథమున ‘గుగ్గులువు’ అని యున్నచోట గుగ్గిలము వాడిన యెడల మందు మాఱిపోవును. పేరును నమ్మి వస్తువును కొనరాదు. వస్తువును చూచి పేరు పెట్టవలెను. ఇది మొదటి పాఠము.

చెట్టు, దాని గాయము

సాంబ్రాణి చెట్టు మన దేశపుది కాదు. శాస్త్రజ్ఞులు దీనిని స్టైరాక్స్ అను జాతిలో చేర్చిరి. సుమత్రా ద్వీపపు వానయడవులలో రెండు తెగలును, లావోసు, వియత్నాము కొండలలో ఇంకొక తెగయు పెరుగును. సుమత్రా చెట్టును శాస్త్రీయముగా వర్ణించి పేరు పెట్టినవాడు జోనాస్ డ్రయాండర్; ఆ వర్ణనము 1787లో లండను రాయల్ సొసైటీ పత్రికయందు వెలువడెను.

ఒక విచిత్రమును గమనింపుడు. గాయపడని చెట్టున సాంబ్రాణి ఉండదు. బెరడు కోసినప్పుడు మాత్రమే, ఆ గాయమును మాన్పుకొనుటకై చెట్టు ఈ జిగురును పుట్టించుకొనును. అనగా మన యింట వెలుగునది ఒక చెట్టు తన పుండునకు తాను చేసికొన్న మందు. సుమత్రాలో తోబా సరస్సు చుట్టుప్రక్కల నివసించు బటక్ జనులు దీనిని ‘హమింజోన్’ అందురు. చెట్టు ఏడెనిమిది ఏండ్లదైన పిదప వారు త్రాళ్ల సాయమున ఎగబ్రాకి, బెరడును గీకి శుభ్రపఱచి, చిన్న చిన్న గంట్లు పెట్టుదురు. కొన్ని నెలలకు ఆ గంట్లలో పాలవంటి జిగురు ఊరి గట్టిపడును. తెల్లని పలుకులుగా ముందు ఊడివచ్చునది శ్రేష్ఠము. పిమ్మట బెరడుతో కలిసి వచ్చునది తక్కువ రకము. నేర్పుతో గంటు పెట్టినచో ఒక చెట్టు దశాబ్దముల తరబడి ఫలమిచ్చును. ఆశకొద్ది లోతుగా కోసినచో చెట్టు ఎండిపోవును.

మన మన్యమునందును ఇట్టి పాఠమే కలదు. తపసిచెట్టు జిగురును గిరిజనుల నుండి కొనుటకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన దేశమున ప్రసిద్ధము. గొడ్డలితో పెద్ద గాట్లు పెట్టుటచేత ఒకప్పుడు తపసిచెట్లు విస్తారముగా నశించినవి. పిమ్మట చిన్న గాటు పెట్టి, చెట్టునకు విశ్రాంతి నిచ్చు పద్ధతిని గిరిజనులకు నేర్పిరి. జిగురు తీయుట చెట్టుతో చేసికొన్న ఒడంబడిక వంటిది; ఒకవైపువారే లాభపడు ఒడంబడిక నిలువదు.

సముద్రము దాటిన వాసన

సుమత్రా పడమటి తీరమున బరూస్ అను రేవు కలదు. వేయి సంవత్సరములకు పూర్వమే కర్పూరమునకు, సాంబ్రాణికి అది పేరు పొందినది. అచ్చట దొరకిన ఒక తమిళ శిలాశాసనము 1088వ సంవత్సరపుది. దానిని వేయించినవారు ‘ఐన్నూఱ్ఱువర్’ అను వర్తకసంఘము. ఆ అయిదునూర్వురి సంఘము దక్షిణదేశమంతట, తెలుగునాటను వ్యాపించియుండెను. తెలుగు తీరమున మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనమున విదేశీ వర్తకులకు రక్షణ నొసంగి, కర్పూరము, చీనా కర్పూరము, చందనము, ముత్యములు, సుగంధద్రవ్యములు మున్నగువానిపై సుంకములు నిర్ణయించెను. నేడు మనము తీర్థములో వేయు పచ్చకర్పూరమునకు మూలము ఆ ద్వీపముల వానయడవి చెట్టే.

పడుమటివారికి ఈ వస్తువు అరబ్బుల ద్వారా తెలిసినది. అరబ్బులు దీనిని ‘లుబాన్ జావీ’, అనగా జావా ధూపము, అనిరి. ఐరోపావారి నాలుకపై ముందరి అక్షరము రాలిపోయి, అది ‘బెంజోయిన్’ అయ్యెను. ఆ జిగురును వేడిచేయగా పైకెగసి తెల్లని సూదులవలె పేరుకొను పదార్థమును పదునాఱవ శతాబ్దముననే గుర్తించిరి. దానికి బెంజోయిక్ ఆమ్లమని పేరు వచ్చెను. మిట్చెర్లిక్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు 1833లో ఆ ఆమ్లమును సున్నముతో కలిపి కాచి ఒక ద్రవమును తీసి, ‘బెంజిన్’ అని పేరు పెట్టెను. అది 1825లో ఫారడే కనుగొన్న ద్రవమే. పై తరగతి విద్యార్థులు బెంజీన్ వలయమును పలకపై ఆఱు మూలలుగా గీయుచున్నప్పుడు, ఆ పేరులో సుమత్రా అడవి చెట్టు కలదని తలంచుకొనవలెను. అవ్వ చేతి చిటికెడు పొడికిని, రసాయనశాస్త్రపు పుస్తకమునకును బంధుత్వమున్నది.

రాయపురమునకును ఈ కథతో సంబంధము లేకపోలేదు. 1856 జూలై 1న దక్షిణభారతపు మొదటి రైలుబండి వాలాజాకు బయలుదేరినది ఇచ్చటి స్టేషను నుండియే. రేవుకట్టలు లేని కాలమున ఓడలు దూరమున నిలువగా, మేకు కొట్టక త్రాటితో కుట్టిన మసూలా పడవలు అలలను దాటి సరకులను ఒడ్డునకు చేర్చుచుండెను. మేకులతో కట్టిన పడవలకు పలకల సందులలో నార దూర్చి, గుగ్గిలపు పొడిని నూనెతో కాచి పూయుట తీరవాసులందఱెఱిగిన పని. నేడు కాశిమేడు రేవులో ఫైబరు పడవలు వచ్చుటచేత ఆ కాపు వాసన అరుదైనది. ఒక చెట్టు జిగురు బిడ్డ తల ఆర్చుటకు, ఇంకొక చెట్టు జిగురు బిడ్డ తండ్రి ఎక్కిన పడవలోనికి నీరు రాకుండుటకు! జిగురు లేనిదే మన తీరమున జీవితము లేదని చెప్పినను తప్పులేదు.

గుణమెంత?

ధూపము వేయుట మన వైద్యమున క్రొత్త కాదు. సుశ్రుతుడు గాయపడినవాని గదిలో గుగ్గులువు, అగరు, సర్జరసము, వస, తెల్లావాలు, వేపాకు, నేయి కలిపి ధూపము వేయుమనెను. కాశ్యపసంహితలో ధూపములకే ఒక అధ్యాయము కలదు. గాయమునకును, ప్రసవమునకును, పసిబిడ్డకును చీడ సోకకుండ కాపాడవలెనను భావము వారిది. సూక్ష్మజీవుల పేరెఱుగని కాలమున వారి చూపు ఆ దిక్కునకే మరలుట మెచ్చదగినది.

ఆధునిక వైద్యమును సాంబ్రాణిని త్రోసివేయలేదు. సారాయములో దీనిని కరగించిన దానిని టింక్చర్ బెంజాయిన్ అందురు. సూది పొడిచి వెన్నునీరు తీసిన పిదప ఆ రంధ్రముపై ప్రత్తిని ఈ మందులో తడిపి అంటించుట మన ఆసుపత్రులలో వాడుక. పట్టీ గట్టిగా అంటుటకును, చర్మము ఒఱసికొనిపోకుండుటకును దీనిని పూయుదురు. ఇతర ద్రవ్యములను చేర్చిన మందును వేడినీటిలో ఒక చెంచా వేసి ఆవిరి పట్టుట చిరకాలముగా ఉన్నది. అది జలుబును కుదుర్చదు; ఎండిన గొంతునకు హాయి నిచ్చును. బెంజోయిక్ ఆమ్లము నూటికి ఆఱు పాళ్లు, సాలిసిలిక్ ఆమ్లము మూడు పాళ్లు కలిపిన విట్‌ఫీల్డ్ లేపనము తామరకు మందు. 1907 నాటినుండి వాడుకలో నున్నది. సీసాలలో అమ్ము ఊరగాయలపై 211 అను అంకె కనబడినచో, అందు బెంజోయిక్ ఆమ్లపు లవణము కలదని తెలిసికొనవలెను. బూజు పట్టకుండ కాపాడుట దాని పని. నేడు దానిని జిగురునుండి కాక, కిరసనాయిలు కుటుంబపు టొలుయీన్ నుండి చేయుచున్నారు.

కావున ఆ బాలిక ముక్కు మోసపోలేదు. ఆసుపత్రి మందును, అవ్వ పొడియు ఒకటే. మఱి భేదమెక్కడ?

భేదము నిప్పులో నున్నది. సారాయములో కరగినప్పుడు సాంబ్రాణి సాంబ్రాణిగానే యుండును. నిప్పుపై పడినప్పుడు కొంత ఆవిరియై సువాసన నిచ్చును. మిగిలినది కాలి పొగయై, కంటికి కనబడని మసిరేణువులగును. క్రింది బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. తలుపులు మూసిన చిన్నగదిలో అది నిలిచిపోవును. పెద్దవారు ఆ గదిలో కొంతసేపుండి లేచి పోగలరు. మూడు నెలల బిడ్డ లేచి పోలేడు. అతని శ్వాసనాళములు సన్నము. అతడు పెద్దవారికంటె వేగముగా ఊపిరి తీయును. ఆ కారణముచేతనే పసిబిడ్డకును, ఉబ్బసము గలవారికిని ఏ పొగయు వలదని వైద్యులు చెప్పుదురు. సాంబ్రాణి పొగ గదిలోని సూక్ష్మజీవులనన్నిటిని చంపునని కొందఱనుట అతిశయోక్తి.

ఇంకొక సంగతి చెప్పవలెను. అవ్వ పెరిగిన యిల్లు ఎట్టిది? పెంకుటిల్లు, నడుమ ఆకాశము కనబడు వాకిలి, గాలి వచ్చుదారి, పోవుదారి. ఆ యింట పొగ వచ్చిన త్రోవనే పోయెడిది. నేడు ఆమె మనుమడున్నది మూడవ అంతస్తులో రెండు గదుల యిల్లు. కిటికీకి దోమతెర, తలుపునకు గొళ్లెము. పొడి మాఱలేదు, చేయి మాఱలేదు, ఇల్లు మాఱినది. నాటుమందుల అంగడిలో కొన్న ముక్కకు బదులు బొగ్గు కప్పు వచ్చినది. పాత అలవాటును క్రొత్త యింటికి తెచ్చునప్పుడు దానికి తగిన మార్పును కూడ తేవలెను.

చేయదగినవి

విద్యార్థులు ఇంట ఈ విషయములను నెమ్మదిగా చెప్పవలెను. బిడ్డకు స్నానమైన పిదప మెత్తని పొడిగుడ్డతో తల, చెవుల వెనుక, మెడ మడతలు తుడిచినచో చాలును. వెచ్చదనమునకు తల్లి ఒడి యున్నది. సాంబ్రాణి వేయదలచినచో బిడ్డ లేని గదిలో, కిటికీలు తెఱచి, కొంచెముగా వేయవలెను; పొగ పోయిన పిదపనే బిడ్డను తీసికొని రావలెను. నిప్పుల పాత్రను నిద్రించు గదిలో ఎన్నడును ఉంచరాదు. టింక్చరు సారాయముతో చేసినది గనుక మంటదగ్గఱ విప్పరాదు. ఆవిరి పట్టునప్పుడు మరుగునీటి గిన్నెను చిన్నపిల్లల ఒడిలో పెట్టరాదు. కాలిన గాయములు జలుబుకంటె చెడ్డవి. పిల్లికూతలు వచ్చినచో ధూపమును, కషాయమును నమ్మి కూర్చుండక ఆసుపత్రికి పోవలెను. మన పేటలోనే స్టాన్లీ ఆసుపత్రి యున్నది. దాని వైద్యకళాశాల 1938 నాటిది.

ఒక చిన్న పరీక్షను కూడ చెప్పుచున్నాము. ఇది ఉపాధ్యాయుని యెదుటనే చేయవలెను. సాంబ్రాణి పొడిని సారాయములో వేసినచో కరగును. ఆ ద్రవమును నీటిలో పోసినచో పాలవలె తెల్లనగును. తుమ్మజిగురు ఇందుకు విరుద్ధము. నీట కరగును, సారాయములో కరగదు. సుమత్రా సాంబ్రాణిని పొటాషియం పర్మాంగనేటు నీటితో వెచ్చచేసినచో చేదు బాదం వాసన వచ్చును. లావోసు రకమునకు ఆ వాసన రాదు. అంగడివాని మాటకంటె గాజునాళిక మాట నిజము.

చెట్టు మాట

ముగించుటకు ముందు మఱల అడవికి పోవుదము. బటక్ జనులు సాంబ్రాణి చెట్లను పెద్దచెట్ల నీడలో పెంచుదురు. కావున అడవి అడవిగానే నిలుచును. పాండుమాన్, సిపిటుహుటా అను గ్రామములవారి సాంబ్రాణి అడవిని కాగితపు గుజ్జుకై నఱకుటకు పూనుకొనగా వారు 2009 నుండి అడ్డుపడిరి. 2016 డిసెంబరులో ఇండొనేషియా ప్రభుత్వము అయిదువేల హెక్టార్లకు పైబడిన ఆ అడవిని వారి ఆచారపుటడవిగా గుర్తించెను. ఇటు మన దేశమున గుగ్గులు పొద అంతరించు జాతుల పట్టికకెక్కినది. శేషాచలపు తంబజాలారియు అపాయములోనే యున్నది. నల్లరోజనపు చెట్టు మొదట నిప్పుపెట్టి జిగురు తీయుటచేత పడమటి కనుమలలో ఆ చెట్లు చచ్చుచున్నవి. చిటికెడు పొడిని వృథా చేయకుండుట కూడ అడవికి చేయు మేలే.

ఇక ఆ బాలిక ప్రశ్నకు సమాధానము. మేము ఆమెతో ఇట్లంటిమి: “మీ అవ్వ చేసినది తప్పు కాదు, ఆమె తనకు తెలిసిన మేలు చేసినది. వైద్యుడు చెప్పినదియు తప్పు కాదు; ఆయన తనకు తెలిసిన మేలు చెప్పినాడు. నీవు ఇంటికి పోయి, అవ్వను ‘వలదు’ అనుటకు ముందు, ఆ పొడి కథ యంతయు చెప్పి, ఆమె కథను కూడ అడిగి వినుము.”

వారము దినములకు ఆమె తిరిగి వచ్చి చెప్పినది. అవ్వ కథ యంతయు విన్నదట. సుమత్రా పేరు రెండుమార్లు పలికి చూచినదట. పిమ్మట ధూపపాత్రను తీసికొనిపోయి మిద్దెమీద తులసికోట యొద్ద పెట్టినదట. శుక్రవారము మనుమరాలి తల అచ్చటనే, ఆరుబయట ఆర్చుచున్నది. క్రింద గదిలో బిడ్డ మెత్తని గుడ్డలో నిద్రించుచున్నాడు. గాలి తిరిగినప్పుడు మాత్రము మెట్లమీదుగా ఆ వాసన కొంచెము దిగివచ్చుచున్నదట.